చెరువులో కొర్రమట్ట ఎటు పోయింది?

మిర్గం వచ్చిందంటే సుల్తానాబాద్ అంగట్లో చేపల కాడ నిలబడ సందుండదు. ఆ రోజు చేప ముక్క నోట్ల పడకుంటే ఏడాదంతా ఏదో వెలితిగా ఉంటుందనుకునే ఊర్లు మనవి. హైదరాబాదులో బత్తిని వారు చేప మందు ఇచ్చేదీ మిర్గానికే. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. 2016లో రాష్ట్ర చేపగా గౌరవం దక్కింది కూడా ఈ కొర్రమీనుకే. ఇంత మోజున్న చేప మన చెరువుల్లో మాత్రం ఏటికేడు కరువవుతోంది. అంగట్లో గంపలు నిండుగానే కనిపిస్తాయి. జెర వంగి చూడండి, అన్నీ బొచ్చె, రవ్వ, బంగారు తీగలే. కొర్రమట్ట, వాలుగ, జెల్ల, పాపెర, మార్పు, ఇంగిలాయి, దోసిట్లో పట్టేటన్ని పరకలు, ఇవి ఎక్కడో ఒక మూల తట్టలో ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు.

చెరువుల చేప ఎందుకు తగ్గిందని సంఘం వాళ్లను అడిగితే పిల్లలు సక్రమంగా పోయలేదంటారు. ఆఫీసులో అడిగితే ఇన్ని పోశామని రిజిస్టరు చూపిస్తారు. ఇద్దరూ వాదులాడేది బొచ్చె, రవ్వల గురించే. ఎవరూ పోయకుండానే చెరువులో పుట్టి, చెరువులోనే పెరిగి, గాలం వేసుకునే పేదోడి చట్టిలో పడే చేపల సంగతి ఆ రిజిస్టరులో ఉండదు. ఈ వ్యాసంలో నేను మాట్లాడేది ఎక్కువగా వాటి గురించే. వాటిని కాపాడటం సంఘం పని మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆయకట్టు రైతు చేతిలో అంతకన్నా ఎక్కువ ఉంది.

రెండు జాతులు, రెండు బతుకులు

బొచ్చె, రవ్వ, మోసు అసలుకు నది చేపలు. వాన కాలంలో పారే వరద నీటిలోనే గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువులో చక్కగా పెరుగుతాయి, కానీ అక్కడ పిల్లలు చేయవు. ఒకప్పుడు నదుల్లో పట్టి తెచ్చిన పిల్లలే వీటికి దిక్కు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, చేప తలలోని ఒక గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి తల్లి చేపలతో గుడ్లు పెట్టించాడు. ఇవాళ దేశంలో తొట్లలో తయారవుతున్న చేప విత్తనమంతా ఆ రోజు వేసిన బాటే. జూలై 10ని మత్స్య రైతుల దినంగా జరుపుకోవడమూ అందుకే. కాబట్టి ఈ చేపలు కావాలంటే ఏటా విత్తనం పోయక తప్పదు. వరి విత్తనం కొన్నట్టే అనుకోండి.

2016-17 నుంచి మన రాష్ట్రంలో చెరువులకు ఉచితంగా చేప పిల్లలు పోయడం మొదలైంది. ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు అని లెక్క పెట్టారు. మంచి పనే, కాదనను. అయితే పిల్లల లారీ వచ్చిన నాడు ఊర్లో నలుగురైనా గట్టు మీద ఉండాలి. ఒక గిన్నెడు పిల్లలను ముంచి లెక్కపెట్టండి. అట్లా మూడుసార్లు లెక్కించి సగటు తీస్తే మొత్తం ఎన్ని గిన్నెలు పోశారో దానితో అసలు సంఖ్య తేలుతుంది. కొలత బద్ద ఒకటి జేబులో పెట్టుకుపోతే సైజు తేలుతుంది. సంచి తెచ్చీ తేవడంతోనే విప్పి గుమ్మరించవద్దు. పావుగంట, ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, లోపలి నీళ్ల వేడి, బయటి నీళ్ల వేడి కలిసినాక మెల్లగా వదలండి. మధ్యాహ్నం ఎండలో వదిలితే సగం పిల్లలు కొంగలకు పోశామనుకోవాల్సిందే. విత్తనం సంగతి ఇంతే. దీని గురించి ఇప్పటికే అందరూ మాట్లాడుతున్నారు.

కొర్రమట్ట లెక్క వేరు. దానికి లారీ అక్కర్లేదు, సూదిమందు అక్కర్లేదు. తొలకరి నీళ్లు చెరువులోకి దిగగానే ఆడ, మగ జంట కట్టి గడ్డి, తుంగ ఉన్న అంచుల్లో, మోకాలి లోతు నీటిలో గుడ్లు పెడతాయి. గుడ్లు నీటి మీద తేలుతాయి. పిల్లలు బయటపడ్డాక ఎర్రగా, నారింజ రంగులో, గుంపు కట్టి బంతిలాగ కదులుతుంటాయి. కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. చెరువు గట్టున పెరిగిన ఎవరికైనా ఈ ఎర్ర గుంపు తెలుసు. వేటగాడికీ తెలుసు. గుంపు కనబడిందంటే కింద పెద్ద చేప ఉన్నట్టే. అక్కడే గాలం, అక్కడే విసురు వల. తల్లి పోయిన గంటలోనే ఆ గుంపును జెల్లలు, కప్పలు, పక్షులు చీల్చేస్తాయి. చేతికి వచ్చింది ఒక చేప. పోయినవి వేలల్లో పిల్లలు.

పరకలు, జెల్లలు, వాలుగలదీ దాదాపు ఇదే కాలం. మత్తడి దుంకినప్పుడు, ఒర్రెలు పారినప్పుడు కడుపు నిండా గుడ్లతో ఎదురెక్కుతాయి. కాకతీయుల నాటి నుంచి మన చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి కదా. మీది చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు వస్తాయి. ఆ నీళ్ల తొవ్వే చేపల తొవ్వ కూడా. కింది చెరువు ఎండినా మీది చెరువు నుంచి చేప దిగేది, కింది చెరువు నుంచి మీదికి ఎక్కేది. ఇప్పుడు మత్తడి కాడ అడ్డంగా దోమతెర కట్టి రాత్రంతా పడతారు. పొద్దున లేచి చూస్తే గంపెడు చేపలు, గంపెడు గుడ్లు. మిర్గం పండుగ చేసుకోవద్దని నేను చెప్పను. చెప్పినా ఎవరూ వినరు. ఆ రోజుకు పోసి పెంచిన బొచ్చెనో రవ్వనో తినండి. ఈనబోయే ఆవును కోతకు అమ్మని మనం, గుడ్ల మీదున్న కొర్రమట్టను మాత్రం ఎందుకు విడిచిపెట్టడం లేదు?

సముద్రంలో తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆపుతారు. అంత పెద్ద సముద్రానికి విరామం కావాల్సి వచ్చింది. నలభై ఎకరాల ఊరి చెరువుకు అక్కర్లేదా? మిర్గం నుంచి ఆశ్లేష కార్తె దాకా, అంటే రెండు నెలలు, చెరువు అంచుల్లో, మత్తడి కాడ, ఒర్రెల్లో వల పడొద్దు. నడి చెరువులో బొచ్చె, రవ్వలను పట్టుకుంటే పట్టుకోనీయండి. పూర్తిగా ఆపమంటే ఆ కాలంలో ఆ కుటుంబాల కడుపు ఎవరు నింపుతారన్న ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్న.

ఎండకాలం మోటర్లు

ఇక రెండో దెబ్బ ఎండకాలంలో పడుతుంది. వెనుక చెరువు ఎంత ఎండినా నడుమ ఒక మడుగు మిగిలేది. తూము మట్టానికి కిందుండే ఆ నీళ్లు పొలానికి పారవు కాబట్టి ఎవరూ ముట్టేవాళ్లు కాదు. తరువాతి ఏటికి తల్లి చేపలు అందులోనే దాగేవి. ఇప్పుడు ఆఖరి చేప కోసం, లేదా ఆఖరి తడి కోసం ఆ మడుగుకు మోటరు పెట్టి తోడేస్తున్నాం. కొర్రమట్ట మొండిది. గాలి పీల్చుకుంటది, బురదలో దూరి కొన్నాళ్లు బతుకుతది. మార్పు, ఇంగిలాయి కూడా అట్లనే. అదే బురదలోకి జేసీబీ దిగితే మాత్రం వాటికి దిక్కు లేదు.

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మన్ను పొలాలకు తోలుకున్నాం. పూడిక తీయడం తప్పని అనను. నీళ్లు ఎక్కువ నిలిచినై, బావులు ఊరినై. కానీ తీసే పద్ధతిలో చెరువును గిన్నెలాగ అంచు నుంచి అంచుకు గీకి, తుంగ, గడ్డి, లోతు తక్కువ నేల అంతా ఊడ్చేసిన చోట్ల చేప గుడ్డు పెట్టడానికి జాగా మిగల్లేదు. ఇకముందు ఎప్పుడు పూడిక తీసినా శిఖం వైపు ఒక మూలను మోకాలి లోతులో, గడ్డితో సహా అట్లనే వదలండి. శిఖం భూమిని ఆక్రమించి కట్ట పోసుకున్న వాళ్ల గురించి వేరే చెప్పాలా? చెరువులో చేపకు పురిటి గది ఆ శిఖమే.

మడుగు వదిలితే రైతుకు నష్టం ఎంత? లెక్క వేద్దాం. రెండెకరాల మడుగులో నాలుగడుగుల నీళ్లు అంటే, సుమారుగా రెండెకరాల యాసంగి వరికి పంట పొడుగునా పట్టే నీళ్లు. అందులోనూ తూము కిందివి ఎట్లాగూ పారకం నీళ్లు కావు, మోటరు పెడితే తప్ప రావు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు డి-83, డి-86 గుండా మన వైపు పొలాలకు పారినన్నాళ్లు చెరువు మీద ఒత్తిడి తక్కువే. కాలువ రాని ఏడు మాత్రం కష్టమే, ఒప్పుకుంటాను. ఆ ఏడు ఎండిపోతున్న మడి ముందు నిలబడి చేప గురించి ఆలోచించమనడం తేలిక కాదు. అందుకే ఈ మాట నీళ్లు నిండుగా ఉన్నప్పుడే, వానకాలంలోనే ఒప్పందం చేసుకోవాలి. ఎంత మట్టానికి వచ్చినాక మోటర్లు బంద్ కావాలో తూము రాతి మీద రంగుతో గీత గీయించండి. గీతను చూసి చెప్పే పని నీరటికి అప్పగిస్తే తగాదా సగం తగ్గుతుంది.

మన మడి నుంచి పోయే మందు

మూడోది మన చేతిలోది. చెరువు కింద మన పొలం ఉంటే దాని మురుగు కింది చెరువుకే పోతుంది. చెరువు పైన పొలం ఉంటే నేరుగా మన చెరువుకే. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. అది చేపకు యమపాశం లాంటి మందు. ఫోరేట్ గుళికలు 2020 చివరితో బంద్ అయినై. ఎక్కడైనా పాత సరుకు చవకగా అంటగడితే కొనకండి. ఇప్పుడు దొరికే వాటిలో సైపర్‌మెత్రిన్ లాంటి మందులు మనిషికి అంత ప్రమాదంగా కనబడవు గానీ చేపకు చుక్క చాలు.

నేను మందు కొట్టొద్దని చెప్పడం లేదు. గుళికలు వేసినా, మందు కొట్టినా మడి గట్టు బొందలు పూడ్చి, మూడు నాలుగు రోజులు నీళ్లు బయటికి పోకుండా కట్టెయ్యండి. నీళ్లు పోతే మందూ పోతుంది, మీ పైసలూ పోతాయి. పురుగు మాత్రం మళ్లీ వస్తది. మబ్బు పట్టి వాన వచ్చేట్టుంటే ఆ రోజు ఆగండి. మందు డబ్బాలు, స్ప్రేయర్లు ఒర్రెలో కడగడం మన దగ్గర చాలా మామూలైపోయింది. ఆ కడుగు నీళ్లు పొలంలోనే ఒక మూల పోయాలి.

చెరువులో చేపలు తేలితే ఊరంతా "ఎవడో మందు కలిపిండు" అని లేస్తుంది. ఒక్కోసారి నిజమే. ఒక్కోసారి కాదు. ఆనవాలు చెప్తాను. తెల్లవారుజామున, మబ్బు రోజుల్లో, చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తూ, పెద్ద చేపలు ముందు చస్తే అది నీటిలో గాలి చాలక. పొద్దెక్కితే బతికినవి కోలుకుంటాయి. పొద్దున, మధ్యాహ్నం తేడా లేకుండా, చిన్న పరకలు ముందు చచ్చి, కప్పలు, నీటి పురుగులు కూడా తేలితే విషాన్ని అనుమానించాలి. అప్పుడు శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి, అప్పుడే చచ్చిన చేపలు రెండు మంచులో పెట్టి మత్స్యశాఖ వాళ్లకు అందజేయండి. మరునాటికి కుళ్లినవి తీసుకుపోతే పరీక్షకు పనికిరావు.

మన సుల్తానాబాద్ రైస్ మిల్లుల ఊరు. ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబోసిన నీళ్లు విషం కాదు, కానీ శుద్ధి చేయకుండా వాగుకో చెరువుకో వదిలితే అవి కుళ్లి నీటిలోని గాలినంతా తాగేస్తాయి. పైన చెప్పిన తెల్లవారుజాము చావులు అట్లా కూడా వస్తాయి. మిల్లు నీళ్లు ఎటు పోతున్నాయో గ్రామసభలో అడగడం తప్పేమీ కాదు.

బాంబు పేల్చి, మందు కలిపి చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. ఆ చట్టం రాసినప్పుడు పెట్టిన జరిమానా రెండు వందల రూపాయలు. ఆ కాలానికి అది పెద్ద సొమ్మే, ఇప్పుడు దాంతో అరకిలో కొర్రమీను కూడా రాదు. కరెంటు తీగ నీళ్లలో పెట్టి పట్టేవాళ్లకు జరిమానా కన్నా ప్రాణం మీదే భయం ఉండాలి. దానికి చేప, మనిషి అన్న తేడా ఉండదు.

కలుపు చేప అన్నది ఎవరి మాట?

పుస్తకాల్లో పరకలు, చందమామలు వంటి చిన్న చేపలను 'కలుపు చేపలు' అని రాస్తారు. బొచ్చె పిల్లలు పోసే ముందు ఇప్పపిండి చల్లి వీటిని చంపాలంటారు. సొంత గుంటలో వ్యాపారానికి పెంచేవాడికి ఆ సలహా సరే. ఊరి చెరువుకు అది తగదని నా అభిప్రాయం. బంగ్లాదేశ్‌లో ఇట్లాంటి చిన్న చేపలనే బొచ్చె, రవ్వలతో కలిపి గుంటల్లో పెంచారు. ముల్లు, తల, కళ్లు అన్నీ తినే చిన్న చేపలో పిల్లలకు కావలసిన విటమిన్ ఏ, సున్నం ఎంత ఉందో చూపిన శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మన ఇండ్లల్లో పరకలు వేయించి, పులుసు పెట్టి పిల్లలకు తినిపించిన అవ్వలకు ఈ సంగతి ఏ పరీక్షా లేకుండానే తెలుసు. బొచ్చె అమ్ముడుపోయేది, పరక ఇంట్లో తినేది. చెరువులో పరక తగ్గితే అంగడి లెక్కలో తేడా కనబడదు, బక్క రైతు పళ్లెంలో కనబడుతుంది.

నిజంగా కలుపు అనదగినవి వేరే ఉన్నాయి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను 2000లోనే దేశంలో నిషేధించారు. అయినా గుంటల్లో దొంగతనంగా పెంచేవాళ్లు ఉన్నారు. వరద వచ్చి గుంట పొంగితే అది చెరువులోకి దిగుతుంది. దిగినాక కనబడిన ప్రతి చేపను తింటుంది. తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. నోట్లో పిల్లలను దాచుకుని సాకే చేప అది, ఏడాదిలో చాలాసార్లు పిల్లలు చేసి చెరువంతా పొట్టి చేపలతో నింపేస్తుంది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950, 60లలో నైలు పెర్చ్ అనే పెద్ద వేట చేపను వదిలితే, 1980ల నాటికి వందల రకాల స్థానిక చేపలు మాయమయ్యాయి. ఎగుమతి పెరిగింది, కంపెనీలు బాగుపడ్డాయి, ఒడ్డునుండే వాడికి తన చిన్న చేప లేకుండా పోయింది.

అంత దూరం ఎందుకు, కొల్లేరు చూడండి. అంత పెద్ద మంచినీటి సరస్సులో గట్లు పోసి చేపల చెరువులు తవ్వారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో గట్లు పేల్చి కొట్టేశారు, తరువాత మళ్లీ గట్లు లేచాయి. అక్కడ చేపకు కరువు లేదు, లారీలకు లారీలు పోతాయి. కరువైంది మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, వాటిని పట్టుకుని బతికిన చిన్న వలవాడు. టన్నుల లెక్క ఒక్కటే చూస్తే ఈ తేడా కనబడదు.

ఎవరు కూర్చోవాలి?

చెరువు నీళ్లు రైతువి, చేప సంఘానిది, గట్టు ప్రభుత్వానిది, చిన్న కుంటలు పంచాయతీవి. పంచాయితీ వస్తే ఎవరి కాగితం వాళ్లు చూపుతారు. సంఘాల్లో సభ్యత్వం ఎవరికన్న గొడవ గంగపుత్రులకు, ముదిరాజులకు నడుమ పాతది, దాని జోలికి నేను పోను. పైన చెప్పిన పనుల్లో ఏదీ ఆ గొడవ తేలేదాకా ఆగాల్సిన పని లేదు. సంఘం పెద్దలు, ఆయకట్టు రైతులు, నీరటి, సర్పంచు, వీలైతే మత్స్యశాఖ ఫీల్డుమన్ ఒకసారి గట్టు మీద కూర్చుంటే చాలు. రోహిణి కార్తెలో కూర్చోండి, మిర్గం దాటితే ఎవరూ దొరకరు. ఆడవాళ్లను కూడా పిలవండి. చేప అమ్మేది వాళ్లే, ఏ చేప ఎన్నేళ్లుగా తట్టలోకి రావడం లేదో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

మడుగు, గీత, మత్తడి కాడ వల బంద్, దోమతెర బంద్, ఎర్ర పిల్లల గుంపు కింద తల్లిని పట్టొద్దు. మొదటి ఏడు ఇవి చాలు. గాలం, బుట్ట వేసుకుని ఇంటి కూరకు పట్టుకునేవాళ్లను ఆపకండి. చెరువు ఖాళీ అయ్యేది వాళ్ల వల్ల కాదు. మీది చెరువు వాళ్లతోనూ మాట్లాడుకోవాలి, ఒక్క ఊరు ఆపి పక్క ఊరు ఆపకుంటే మత్తడి నీళ్లలో దిగిన చేప వాళ్ల దోమతెరకే పోతుంది.

తీర్మానం రాసేటప్పుడు ఒక జాగ్రత్త. "చిన్న కన్ను వలలు నిషేధం" అని రాయించకండి. ఎవరి వలకైనా ఎదుటివాడి వల కన్నే చిన్నగా కనిపిస్తుంది. వల కన్ను ఎన్ని అంగుళాలో, ముడి నుంచి ముడికి కొలిచి, అంకెల్లో రాయించి, ఆ కొలత ముక్క ఒకటి పంచాయతీ ఆఫీసు గోడకు మేకు కొట్టి వేలాడదీయండి.